గీతలు పడిన సి.డి. బిళ్ళలు – ఇంటి వైద్యము
(పాఠశాల వార్షికోత్సవమున ప్రధానోపాధ్యాయులు చేసిన ప్రసంగము)



వార్షికోత్సవ సభలో ప్రధానోపాధ్యాయుడు లేచి నిలువగనే పరీక్షా ఫలితములు చదువునని తమరు తలంచుట సహజము. అవి నివేదికలో అచ్చయి యున్నవి. నేడు మేము ఒక చిన్న వస్తువును గూర్చి మాటలాడదలచితిమి. అది గీతలు పడిన సి.డి. బిళ్ళ.

నవ్వవలదు. మన కామసముద్రమున బిడ్డ యింట తెలుగు మాటలాడును, వీథిలో కన్నడము వినును, బంగారు గనుల వైపు పోయినచో తమిళము వినును. యతి తెలిసి, విరుపు తెలిసి పద్యము చదువు గొంతు వానికి ఎక్కడ దొరకును? మన పాఠశాలలో చిరకాలము తెలుగు బోధించి యిప్పుడు దివంగతులైన పండితులొకరు 2006లో శతక పద్యములను స్వయముగా చదివి ఒక బిళ్ళకెక్కించి యిచ్చిరి. ఉన్నది అదొక్కటే. పదునైదేండ్లకు పైగా పిల్లల చేతులలో నలిగి, గత సంవత్సరము అది నడుమ నడుమ తడబడ నారంభించినది.

పండ్లు తోముకొను పేస్టు పూసిన బాగుపడునని ఎవరో చెప్పిరి. మేము తొందరపడితిమి. అన్నము తిన్న పళ్ళెమును తోమినట్లు గుండ్రముగ గట్టిగా రుద్దితిమి. అంతకు ముందు చక్కగా పలికిన పద్యములు కూడ ఆ సాయంత్రము మూగవోయినవి. ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. మరునాటినుండి ఈ బిళ్ళ సంగతి చదివి తెలిసికొంటిమి.

మన పెద్దలెరిగిన పాత గ్రామఫోను ప్లేటు లక్కయు రాతిపొడియు కలిపి చేసినది. సూది దాని గాడిలో రాచుకొనుచు పోవును. గాడి చెడినచో మందు లేదు. ఫిలిప్స్, సోనీ సంస్థలు 1982లో బజారునకు తెచ్చిన సి.డి. అట్టిది కాదు. దానిని తాకునది కాంతి కిరణము మాత్రమే. అడుగున 1.2 మిల్లీమీటర్ల మందముగల పారదర్శకమైన ప్లాస్టిక్కు, దానిపై అద్దమువంటి లోహపు పూత, ఆ పైన పలుచని వార్నిషు, దానిమీద పేరు. కిరణము అడుగునుండి ప్లాస్టిక్కును దాటి పోయి ఆ పూతవద్ద చదువును. కావున అడుగున పడిన గీత కిటికీ అద్దము మీది గీతవంటిది. లోపలి వ్రాత చెడలేదు. పేరున్న వైపు గీత పడినదా, పూతయే లేచిపోవును. దానికి ఏ వైద్యమును లేదు. మనమో, బిళ్ళను బల్లమీద పెట్టునప్పుడు మెరయు వైపును కాపాడి, పేరున్న వైపును గీరుకొననిత్తుము. దానిమీద బాల్ పెన్నుతో అదిమి వ్రాయుదుము కూడ!

ఇక వ్రాత దారి. అది లోపలినుండి వెలుపలికి సుడి తిరుగు ఒకే దారి. పొడవు అయిదు కిలోమీటర్లకు పైమాటే. పద్యములో ఒక అక్షరము చెరిగిపోయిన, గణము, ప్రాస తెలిసినవాడు దానిని ఊహించి పూరించును గదా! అట్లే బిళ్ళలో కొన్ని అదనపు సంఖ్యలు చేర్చి, వ్రాతను చెల్లాచెదరుగ చల్లియుందురు. రీడ్, సాలమన్ అను ఇద్దరు గణితజ్ఞులు 1960లో ప్రకటించిన పద్ధతి దీనికి మూలము. దారి వెంట సుమారు రెండు మిల్లీమీటర్ల మేర చెరిగినను యంత్రము పూరించుకొనగలదు. నడుమనుండి అంచునకు అడ్డముగ పోవు గీత ఒక్కొక్క చుట్టులో రవ్వంత మాత్రమే చెరుపును. దారి వెంబడి గుండ్రముగ పడిన గీత పాదములకు పాదములే మ్రింగివేయును. మేము గుండ్రముగ రుద్ది చేసిన ఘనకార్యమిదియే.

కావున మొదట సబ్బు కలిపిన నీటితో కడిగి, ఉతికిన పాత పంచె ముక్కతో నడుమనుండి అంచునకు సూటిగా తుడువవలెను. పెక్కు బిళ్ళలకు ఇంతయే చాలును. చెడినదనుకొన్నది జిడ్డు మాత్రమే. అప్పటికిని పలుకనిచో తెల్లని పేస్టు కొంచెము దూదిపై తీసికొని అటులనే సూటిగా, మెత్తగా రుద్ది కడుగవలెను. పేస్టులోని సన్నని పొడి గీత అంచులను నునుపు చేయును. అందు మహిమ ఏమియు లేదు. పండ్లపొడి, బూడిద, బొగ్గు ముతకవి గనుక పనికిరావు. ఒక తండ్రిగారు విభూతి తెచ్చిరి. వారి భక్తికి నమస్కరించి పొట్లమును తిరిగి యిచ్చితిమి. కొబ్బరినూనె, వాసెలిన్ పలుచగ పూసి తుడిచిన, గీతలో నిండి కిరణము చెదరుటను తగ్గించును. ఒకసారి వినుటకు, అనగా నకలు తీసికొనుటకు, అది చాలును. థిన్నరు, గోళ్ళరంగు తుడుచు ద్రవము ప్లాస్టిక్కునే చెరుపును. ఇంట వ్రాసికొన్న బిళ్ళలలో రంగుపొర యుండును. దానిని ఎండలో ఆరబెట్టరాదు.

అన్నింటికంటె ముందు, పలుకుచున్నంతవరకు కంప్యూటరులోనికి నకలు తీయవలెను. వైద్యము ఆ తరువాత. మేము ఈ వరుసను తలక్రిందులు చేసితిమి.

పండితులవారి బిళ్ళను పైవిధముగ మరల సాన పట్టి, నెమ్మదిగా చదివించి, దక్కినంత దాచితిమి. మూడు పద్యములు రాలేదు. ఆ బిళ్ళకు నకలు ఎవరైన పూర్వ విద్యార్థి యింట నున్నదేమో తమరు వెదకి చూడవలెనని ప్రార్థన. వారి గొంతున్న టేపు క్యాసెట్టైనను సరే. ప్రతి శనివారము మధ్యాహ్నము మేము కంప్యూటరు గదిలో ఉందుము. తమ యింటి బిళ్ళలను కూడ తేవచ్చును. దయచేసి ముందుగా పేస్టు పూసి మాత్రము తేవలదు.