పాత ఇండ్-సుజుకికి పరీక్ష

1984లో హోసూరు కర్మాగారమునుండి వెలువడిన ఇండ్-సుజుకి ఏఎక్స్ 100 మోటారు సైకిలు మీ యింట ఇంకను ఉన్నదా? ఉన్నచో, రిజిస్ట్రేషనుకు 15 ఏండ్లు నిండిన పిమ్మట 5 ఏండ్లకొకసారి రవాణా కార్యాలయమున దానిని చూపి, పునరుద్ధరణ పొందవలెను. ఛాసిస్ సంఖ్య, బ్రేకులు, దీపములు, హారను అచట పరిశీలింతురు. హ్యాండిలు మెడవద్ద చెక్కిన ఆ యంకెలను తుప్పు కప్పినచో, ఇంజను ఎంత శ్రావ్యముగా నడచినను చిక్కే!

అయితే పరీక్షలో నెగ్గుట వేరు, దూరప్రయాణమున నమ్మదగియుండుట వేరు. ఇది పెట్రోలుతోబాటు ఆయిలునుగూడ కాల్చు టూ-స్ట్రోకు యంత్రము. ఆయిలు తగ్గెనా, పిస్టను పట్టివేయును. హెచ్చెనా, ప్లగ్గు మసిబారి పొగ మిక్కుటమగును. నా మట్టుకు ఈ కొలతయే దానికి ప్రాణము. ఇక పరీక్షకైతే, ముందే అంకెలపై తుప్పు తుడిచి, అరిగిన బ్రేకు షూలు మార్పించి, పొగ సర్టిఫికెట్టు తీసికొనుడు.