షో మనీ ఉచ్చులో పడొద్దు: ఉన్నదే చూపిద్దాం, లేనిది అడుగుదాం
(మండల రైతు సభలో చేసిన ప్రసంగం పాఠం)



ఎప్పుడూ ఈ మైకు ముందు మిర్చి ధర, నకిలీ విత్తనాలు, కరెంటు గురించి మాట్లాడే మేము ఇవాళ బ్యాంకు స్టేట్‌మెంటు గురించి మాట్లాడతామంటే కొందరు నవ్వారు. నవ్వే సంగతి కాదిది. మన ఊళ్ళలో పిల్లల అమెరికా చదువుకు పొలం అమ్మినవాళ్ళు ఉన్నారు. చదువుకు అమ్మారంటే అదొక దారి. చదువు మొదలుకాక ముందే, ఖాతాలో డబ్బు ‘చూపించడానికి’ అప్పు చేసి మునిగినవాళ్ళూ ఉన్నారు. అందుకే ఈ మాట.

అసలు అడిగేదేమిటి? అక్కడి యూనివర్సిటీలో సీటు వచ్చాక ఐ-20 అనే కాగితం ఇస్తారు. అది చేతిలో ఉంటేనే వీసాకు పోవాలి. దాని మీద రెండు లెక్కలుంటాయి. ఒకటి ఖర్చు: ఫీజు, తిండి, గది, ఇన్సూరెన్సు. రెండోది రాబడి: సొంత డబ్బెంత, యూనివర్సిటీ ఇచ్చేదెంత, బయటినుంచి వచ్చేదెంత. రెండూ సరిపోవాలి. ఏడాది ఖర్చు 40 వేల డాలర్లనుకోండి. డాలరుకు 85 రూపాయలు వేసుకున్నా 34 లక్షలు. అదీ మొదటి ఏడాదికే.

మూడెకరాల రైతుకు అంత ఆస్తి లేదా అంటే, చాలా ఊళ్ళలో ఉంటుంది. కానీ వాళ్ళడిగేది వెంటనే చేతికందే డబ్బు. పొలానికి విలువ కట్టించి, సీఏ సంతకం పెట్టించి పంపినా చాలా యూనివర్సిటీలు దాన్ని లెక్కలోకి తీసుకోవు. మన డబ్బు ఖాతాలో ఉండదు, చేలో ఉంటుంది. మిర్చి అమ్మిన నెలలో ఖాతా నిండుతుంది, ఎరువుల కొట్టు బాకీ కట్టగానే ఖాళీ అవుతుంది. పైగా వ్యవసాయ ఆదాయానికి పన్ను లేదు కాబట్టి మనలో చాలామందికి ఐటీ రిటర్నులూ ఉండవు. నెల జీతగాడికి ఒక్క కాగితంతో అయ్యే పని మనకు పది కాగితాలతో కూడా కాదు.

ఈ సందులోకే కన్సల్టెన్సీ వాడు దూరతాడు. మా ఊళ్ళో ఒక రైతుకు అదే జరిగింది. మూడున్నర ఎకరాలు, బిడ్డకు ఎంఎస్ సీటు వచ్చింది. ‘మీ ఖాతాలో డబ్బు మేం వేయిస్తాం, కొన్నాళ్ళుంచి తీసుకుంటాం, కమీషనివ్వండి చాలు’ అన్నారు. ఖాళీ చెక్కులు, ప్రామిసరీ నోట్ల మీద సంతకాలు తీసుకున్నారు. డబ్బు వచ్చింది, స్టేట్‌మెంటు తీశారు, డబ్బు పోయింది. ఇంటర్వ్యూలో ఆఫీసరు ఆ పిల్లను ఒకటే అడిగాడు: ‘మీ నాన్న రైతు కదా, ఇంత డబ్బు ఒక్కసారి ఎక్కడినుంచి వచ్చింది?’ పిల్ల నోరు పెగల్లేదు. 214(బి) కింద వీసా తిరగగొట్టారు. 185 డాలర్ల వీసా ఫీజు, కమీషను రెండూ పోయాయి. సంతకం పెట్టిన నోట్లు తిరిగి తెచ్చుకోవడానికి మేం నలుగురం వెళ్ళి కూర్చోవాల్సి వచ్చింది.

ఆ పిల్ల అదృష్టం, అంతటితో పోయింది. అబద్ధపు కాగితం పెట్టారని తేలితే అమెరికా వలస చట్టం ప్రకారం జీవితాంతం ఆ దేశంలో అడుగు పెట్టనివ్వకపోవచ్చు. కమీషను తిన్నవాడికి ఆ నష్టం ఉండదు.

మరి బ్యాంకు లోను? బ్యాంకుల సంఘం నమూనా పథకం ప్రకారం 4 లక్షల దాకా తాకట్టు అక్కర్లేదు, 7.5 లక్షల దాకా ఇంకొకరి పూచీ చాలు, ఆపైన ఆస్తి తాకట్టు కావాలి. పాసుపుస్తకం పట్టుకుపోతే ‘వ్యవసాయ భూమి వద్దు, ఇల్లో ప్లాటో చూపించు’ అంటారు. పంట రుణానికి పనికొచ్చిన భూమి చదువు రుణానికి పనికిరాదు. ఎందుకంటే 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద బ్యాంకులు వ్యవసాయ భూమిని కోర్టుకు పోకుండా స్వాధీనం చేసుకోలేవు. ఆ రక్షణ ఎత్తేయమని మనం అడగం. అది మన పొలానికి కట్టిన గట్టు. మనం అడగాల్సింది వేరే. ఇప్పుడు 7.5 లక్షల దాకా చదువు రుణాలకు కేంద్రం పూచీ నిధి ఉంది. చిన్న, సన్నకారు రైతుల పిల్లలకు ఆ పరిమితి పెంచాలి.

ఇక సాయం సంగతి. మనం అడగడానికి సిగ్గుపడతాం. అడగండి. యూనివర్సిటీ ఫీజు తగ్గించినా, డిపార్ట్‌మెంటులో అసిస్టెంట్‌షిప్ ఇచ్చినా ఆ మొత్తం ఐ-20లోనే రాస్తారు, మనం చూపాల్సిన డబ్బు అంత తగ్గుతుంది. లోను మంజూరు పత్రం కూడా చెల్లుతుంది. ఇంటర్ తర్వాతే పోవాలనుకునే పిల్లలకు: హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, ఎంఐటీ, ఆమ్‌హెర్స్ట్ లాంటి కొద్ది చోట్ల విదేశీ పిల్లలకైనా ఇంటి స్తోమతు చూడకుండా సీటిచ్చి, అవసరమైనంత సాయం చేస్తారు. సీటు దొరకడం చాలా కష్టం. మిగతా చాలా కాలేజీల్లో సాయం అడిగితే సీటిచ్చేటప్పుడు అదీ చూస్తారు. అది తెలిసే అడగాలి.

మన తెలంగాణలో ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ పిల్లలకు విదేశీ విద్యానిధి పథకాలున్నాయి: ఇంటి ఆదాయం ఏడాదికి 5 లక్షల లోపుంటే 20 లక్షల దాకా. అయితే ఆ డబ్బు పిల్లలు అక్కడ దిగాక విడతలుగా వస్తుంది, ముందు ఖర్చుకు ఆశపెట్టుకోవద్దు. కేంద్రం ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్‌లో భూమిలేని వ్యవసాయ కూలీల పిల్లలకూ చోటుంది. ఈ సంగతి కూలీ కుటుంబాలకు మనమే చెప్పాలి.

ఒక హెచ్చరిక. తహసీల్దారు దగ్గర ఆదాయం తక్కువని, వీసా దగ్గర కోట్లున్నాయని ఒకే ఇంటికి రెండు కథలు రాయించొద్దు. నిజం ఒకటే: ఆదాయం తక్కువ, భూమి ఉంది, డబ్బు లేదు. అదే అన్నిచోట్లా చెప్పండి.

చేయాల్సినవి నాలుగు. పంట డబ్బు ఖాతాలోనే వేయించుకోండి, మార్కెట్ తక్‌పట్టీలు దాచండి. పన్ను లేకపోయినా వ్యవసాయ ఆదాయం చూపి రిటర్ను వేయండి. పిల్లలు పరీక్షలు రాసేటప్పుడే బ్యాంకుకు పోండి, సీటు వచ్చాక కాదు. ఖాళీ చెక్కు మీద సంతకం మాత్రం పెట్టకండి.

మేం చెప్పిన పిల్ల రెండోసారి వెళ్ళింది. మేనమామ ఇల్లు తాకట్టుపెట్టి లోను తీసుకున్నారు, డిపార్ట్‌మెంటుకు ఉత్తరం రాస్తే ఫీజు కొంత తగ్గించారు. ఈసారి ఆఫీసరు అడిగినప్పుడు ఉన్నదున్నట్టు చెప్పింది. వీసా వచ్చింది. ఇప్పుడా ఇంటిమీద అప్పుంది, మేనమామకు నిద్రపట్టడం లేదు. అది కూడా మీకు చెప్పాలి. కానీ ఆ అప్పు ఎంతో, ఎవరికి కట్టాలో, ఎప్పుడు కట్టాలో వాళ్ళకు తెలుసు. కన్సల్టెన్సీ నోట్ల మీద ఆ మూడింటిలో ఒక్కటీ లేదు.

పిల్లల్ని పంపాలనుకునేవాళ్ళు కాగితాలు తీసుకుని మన సంఘం ఆఫీసుకు రండి. మేం కూర్చుని చూస్తాం. పైసా ఇవ్వనక్కర్లేదు.

సెలవు.