సాంబ్రాణి పేరు దాల్చిన ద్రవము



ఖరగ్‌పూర్ పట్టణమునకు ప్రాణము రైలు. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ ఇచట కూడలిని, వర్క్‌షాపును నెలకొల్పగా శ్రీకాకుళము, విజయనగరము, విశాఖ ప్రాంతములనుండి తెలుగు కుటుంబములు తరలివచ్చి స్థిరపడినవి. ఆ రైలుకు చిరకాలము ఆహారము బొగ్గు. బొగ్గును మండించినచో ఆవిరి పుట్టుననియు, ఇంజను కదలుననియు ఇచటి పిల్లలకు సైతము తెలియును. కాని గాలి సోకనీయక మూసిన కొలిమిలో బొగ్గును కాచినచో కోకు మిగులును, గ్యాసు వెలువడును, తారు దిగును. ఆ గ్యాసునుండియు, తారునుండియు లభించు ఒక తేటద్రవమే నేటి ప్రసంగ విషయము. దాని పేరు బెంజీను. టన్ను బొగ్గునుండి లభించునది కొన్ని కిలోలు మాత్రమే. అయినను ఆ కొద్దిపాటి ద్రవము లోకమున చేసిన మార్పు కొద్దిది కాదు.

దీనిని మొదట వేరుచేసినవాడు మైకేల్ ఫారడే. ఆ కాలమున లండనులో నూనెను కాచి తీసిన గ్యాసును లోహపాత్రలలో ఒత్తిడితో నింపి దీపములకై ఇండ్లకు సరఫరా చేయుచుండిరి. ఆ పాత్రల అడుగున చేరిన ద్రవమును 1825లో ఆయన పరీక్షించి, అందు కర్బనము, ఉదజని తప్ప వేఱొకటి లేదని తేల్చెను. అట్టి గ్యాసునే తరువాత జర్మనీకి చెందిన పింట్ష్ పద్ధతిలో రైలుపెట్టెల దీపములకు వాడిరి. ఇండియాలోను ఆ దీపములు వెలిగినవి. కనుక రైల్వేవారికిని ఈ ద్రవమునకును చుట్టరికము బొగ్గుతోనే ముగియలేదు.

పేరు వచ్చిన తీరు మఱింత వింత. 1833లో మిట్షెర్లిహ్ అను జర్మను పండితుడు సాంబ్రాణినుండి తీసిన ఆమ్లమును సున్నముతో కలిపి కాచగా ఇదే ద్రవము చేతికి వచ్చెను. అరబ్బులు సాంబ్రాణిని జావా లోబానమను అర్థమున లుబాన్ జావీ అనెడివారు. ఆ మాట ఐరోపా భాషలలో అరిగి, కరిగి, బెంజాయిన్ అయ్యెను. అందుండి బెంజీను పుట్టెను. తలంటుపోసిన బిడ్డకు తెలుగు తల్లి వేయు ధూపమునకును, కర్మాగారపు పీపాలోని ద్రవమునకును పేరు ఒక్కటే. గుణములు మాత్రము వేఱు. మఱియొక హెచ్చరిక: బెంజైను అని అమ్ముడుపోవునది ఇది కాదు. అది రాతినూనెనుండి తీయు తేలిక ద్రవముల మిశ్రమము.

బెంజీను అణువున ఆరు కర్బన పరమాణువులు, ఆరు ఉదజని పరమాణువులు కలవు. రంగు లేదు, ఒకవిధమైన తీపివాసన కలదు. 80.1 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద మరుగును, 5.5 డిగ్రీల వద్ద గడ్డకట్టును. ఖరగ్‌పూర్ పుష్యమాసపు చలికి గడ్డకట్టదు గాని డార్జిలింగు శీతకాలపు రాత్రి గడ్డకట్టగలదు. మంచుగడ్డ నీటిపై తేలును. గడ్డకట్టిన బెంజీను మాత్రము తన ద్రవమునందే మునుగును. నీటిలో కలియుట అత్యల్పము, లీటరుకు రెండు గ్రాములైనను కాదు. నీటికంటె తేలిక గనుక పైన తేలును. అందుచే మండుచున్న బెంజీనుపై నీరు గుమ్మరించినచో మంట ఆరదు సరికదా, నీటితో కూడ పారి వ్యాపించును. కిరసనాయిలు కొంత వేడెక్కిన గాని అంటుకొనదు. బెంజీను ఆవిరి సున్నకు దిగువ 11 డిగ్రీల వద్దనే నిప్పురవ్వను అందుకొనును. ఆ ఆవిరి గాలికంటె సుమారు రెండున్నర రెట్లకు పైగా బరువైనది; నేలను ప్రాకి దూరమున నున్న పొయ్యిని చేరగలదు. బరువులో నూటికి 92 పాళ్లు కర్బనమే గనుక మంట మసిమయము.

ఈ ఆరు కర్బనములు ఎట్లు కూడినవో విజ్ఞులకు చాలకాలము అంతుచిక్కలేదు. 1865లో కెకులే వలయాకృతిని ప్రతిపాదించెను. తన తోకను తానే కఱచుకొను పామును కునుకుపాటున చూచితినని ఆయన 1890లో చెప్పెను. కలమాట యెట్లున్నను వలయము నిజమని తరువాతి ఎక్స్‌కిరణ పరీక్షలు స్థాపించినవి.

ఉపయోగములలో ముందు చెప్పవలసినది రంగు. బెంజీనునుండి నైట్రోబెంజీను, దానినుండి అనిలీను, దానినుండి రంగులు. జర్మను కంపెనీ 1897లో కృత్రిమ నీలిని బజారుకు తెచ్చెను. తొలి పద్ధతి తారులోని మఱియొక పదార్థమగు నాఫ్తలీనునుండి. కొలది సంవత్సరములలో అనిలీను పద్ధతి వచ్చెను. బెంగాలు, బీహారు మొదలు కడప వరకు సాగిన నీలిమందు పైరు దానితో కుంగిపోయెను. నీలిదొరల దౌష్ట్యమును అంతమొందించుటలో రైతు పోరాటములకు ఎంత పాలు కలదో, ఈ తారు రసాయనమునకును కొంత పాలు కలదనుట అతిశయోక్తి కాదు.

నేడు ఫినాలు, నైలాను, బట్టలుతుకు పొడులు, థర్మోకోలు, అన్నిటి మూలమున బెంజీను కలదు. ఇప్పుడది అధికముగా రాతినూనెనుండియే లభించుచున్నది. పాత మేదినీపూర్ జిల్లాలోని హల్దియాలోను తయారగుచున్నది. విశాఖపట్టణము, రూర్కెలా ఉక్కు కర్మాగారముల కోకు కొలుములును దీనిని ఇచ్చుచున్నవి. థర్మోకోలునకు ముడిసరకైన స్టైరీను బెంజీను సంతతియే. 2020 మే 7వ తేదీ తెల్లవారుజామున విశాఖ సమీపమున ఆర్.ఆర్. వెంకటాపురమున ఒక కర్మాగారపు ట్యాంకులో ఆ స్టైరీను తనంతట తాను వేడెక్కి ఆవిరియై నిద్రించు ఊరిమీదికి ప్రాకినది, పన్నెండుగురు మరణించిరి. కోవిడ్ కారణమున పని నిలిచిన దినములలో ట్యాంకు వేడిని, చేర్చవలసిన నిరోధక ద్రవ్యమును సరిగా చూడకపోవుటయే ఆ ఘోరమునకు దారితీసెను.

బెంజీను హాని ఇట్లు ఒక్క రాత్రిలో కనబడునది కాదు. ఎముకల మూలుగలో రక్తము పుట్టుచోటనే అది దెబ్బతీయును. 1897లోనే స్వీడనులో సైకిలు టైర్ల పనిలోని యువతులు రక్తహీనతతో మరణించుటను శాంటెసన్ అను వైద్యుడు వెల్లడించెను. 1974లో తుర్కీ వైద్యుడు అక్సోయ్, ఇస్తాంబులులో బెంజీను గల జిగురుతో చెప్పులు కుట్టువారిలో రక్తపు క్యాన్సరు హెచ్చుగా నున్నదని చూపెను. వాసన పసిగట్టినప్పుడు తప్పించుకొందమనుట వట్టిమాట. అమెరికాలో 1987 నుండి పనిచోటి గాలిలో పది లక్షల పాళ్లకు ఒక పాలు మించరాదని నియమము. సామాన్యముగా ముక్కునకు వాసన తగులునప్పటికే ఆ హద్దు దాటియుండును.

భారతదేశము 1991లో అంతర్జాతీయ కార్మిక సంస్థవారి బెంజీను ఒడంబడికను అంగీకరించెను. గర్భిణులను, పాలిచ్చు తల్లులను, పదునెనిమిదేండ్లు నిండనివారిని ఈ పనిలో నియోగించరాదని అందు కలదు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము బెంజీను విషప్రభావమును వైద్యుడు తప్పక తెలుపవలసిన వ్యాధులలో చేర్చెను. పెట్రోలులో ఒకప్పుడు నూటికి 5 పాళ్ల వరకు అనుమతించిన బెంజీనును భారత్ స్టేజి నియమములు క్రమముగా 1 పాలునకు తగ్గించినవి. ఆ ఒక్క పాలు మాత్రము నేటికిని ఉన్నది. గొట్టమును నోటబెట్టి పెట్రోలు పీల్చువారికిని, గ్రీజు చేతులను దానితో కడుగుకొను మెకానికులకును, బట్టల మరకలు తీయుటకు గదిలో సీసా విప్పు గృహిణులకును ఆ పాలు ఊపిరితోను, చర్మముగుండను లోనికి చేరును. చేతుల గ్రీజు వదలించుటకు కొబ్బరినూనెయు సబ్బును చాలును.