క్లచ్ జారుతోందా? ముందు పెడల్ చూడండి

పాడేరు ఘాట్‌లోనో, మారేడుమిల్లి దారిలోనో ఫోర్ వీల్ జీపు నడిపేవాళ్లకు ఇది తెలిసిన బాధే. ఎక్కుడులో యాక్సిలరేటర్ తొక్కితే ఇంజను గోల పెడుతుంది, బండి మాత్రం ముందుకు రానంటుంది. కాసేపటికి కమురు వాసన. మెకానిక్ దగ్గరికి వెళ్తే ఒకటే మాట: ‘గేర్ బాక్స్ దించాలి’.

దించే ముందు ఒక్క నిమిషం. చదును నేల మీద, ముందు మనిషీ గోడా లేకుండా చూసుకుని, హ్యాండ్ బ్రేకు గట్టిగా లాగండి. నాలుగో గేరు వేసి, కుడికాలు బ్రేకు మీదే ఉంచి, క్లచ్ మెల్లగా వదలండి. ఇంజను టక్కున ఆగిపోతే క్లచ్ పట్టు బాగానే ఉన్నట్టు. ఆగకుండా తిరుగుతూనే ఉంటే జారుతున్నట్టే, వెంటనే ఆపేయండి. ఈ పరీక్ష ఒక్కసారి చాలు. పదిసార్లు చేస్తే ఉన్న ప్లేటూ పోతుంది.

జారుతోందని తేలాక పెడల్‌ను చేత్తో నొక్కి చూడండి. గట్టిపడే ముందు కాస్త ఖాళీగా కదలాలి. ఎంత కదలాలో బండి పుస్తకంలో ఉంటుంది. ఆ ఖాళీ బొత్తిగా లేకపోతే రిలీజ్ బేరింగు ఎప్పుడూ ప్రెషర్ ప్లేటును నొక్కుతూనే ఉంటుంది, ప్లేటుకు పట్టు దొరకదు. కేబుల్ బండి అయితే రెండు స్పానర్లతో నట్టు సర్దితే సరిపోవచ్చు. హైడ్రాలిక్ బండిలో, జారుతున్నప్పుడే కింది సిలిండర్ బ్లీడర్ కొంచెం వదులు చేయండి. ఫ్లూయిడ్ చిమ్మి పట్టు తిరిగొస్తే తప్పు ప్లేటుది కాదు, పెడల్ దగ్గరి పై సిలిండర్ వైపుది.

ఇవేవీ కాకపోతే బండి కిందికి దూరి, ఇంజనుకూ గేర్ బాక్స్‌కూ మధ్యనున్న బెల్ హౌసింగ్ అడుగు చూడండి. అక్కడ నల్లటి పలచని నూనె ఉంటే ఇంజను వెనక సీలు పోయింది. చిక్కగా, గంధకం వాసనతో ఉంటే గేర్ బాక్స్ ముందు సీలు. ఒకసారి నేను ప్లేటు మార్చి, పాత సీలు అలాగే వదిలేశాను. నెల తిరక్కుండా కొత్త ప్లేటు నూనెలో తడిసింది. రెండు ప్రొపెల్లర్ షాఫ్టులూ, ట్రాన్స్‌ఫర్ కేసూ, గేర్ బాక్సూ మళ్లీ దించాను. ఆ కూలి నా జేబులోంచే పోయింది.

అందుకే దించితే ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగు, సీలు కలిపి మార్చండి. ఫ్లైవీల్ మీద నీలి మచ్చలు, సన్న బీటలు కనిపిస్తే లేతుకు పంపండి. బీట లోతుగా ఉంటే ఫ్లైవీలే మార్చాలి. లోపలి దుమ్మును గాలితో ఊదకండి, పాత ప్లేట్లలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. తడిగుడ్డతో తుడవండి. జాకీని ఒక్కదాన్నే నమ్మి కింద పడుకోకండి, స్టాండ్లు పెట్టండి.

ఏటవాలులో బండిని హాఫ్ క్లచ్ మీద నిలబెట్టకండి, హ్యాండ్ బ్రేకు అందుకే ఉంది. రాళ్లదారి ఎక్కేటప్పుడు ‘ఫోర్ లో’ వేయండి. కొత్త ప్లేటు వేసిన మొదటి వారం లోడు ఎక్కించకండి. సంత జనాన్ని ఆ వారానికి ఇంకో జీపు ఎక్కమనండి.