జలుమూరు ఓటమి, కిమిడి వారసత్వం

ఉద్దానంలోని బారువలో జరుగుతున్న ఈ సదస్సుకు నేను అధ్యక్షత వహిస్తున్నాను. తెల్లవాళ్లను ఎదిరించిన ఉత్తరాంధ్ర ప్రభువు ఎవరని అడిగితే మనలో చాలామంది విజయనగరం చిన విజయరామరాజు పేరు చెబుతారు. ఆయన పోరాడిన పద్మనాభం యుద్ధం 1794లో జరిగింది. అంతకు ఇరవయ్యారేళ్ల ముందు, 1768లో, మనకు ఇంకా దగ్గరగా జలుమూరులో ఈస్టిండియా కుంపెనీ సేనతో తలపడి ఓడినవాడు పర్లాకిమిడి ప్రభువు జగన్నాథ గజపతి నారాయణదేవుడు. ఆయన పేరు మన సభల్లో అరుదుగా వినిపిస్తుంది. ఈవేళ నేను ప్రతిపాదించదలచింది ఒక్కటే. నారాయణదేవుని ప్రతిఘటనకు అసలు బలం కొండ నుంచి వచ్చింది. ఆయన వారసత్వం కూడా గద్దె మీద కూర్చున్నవారికన్నా, ఆ కొండవాళ్లకూ, దిగువ పొలాల రైతులకూ ఎక్కువ చెందుతుంది.

ముందు సందర్భం చెప్పుకోవాలి. 1765 ఆగస్టులో ఢిల్లీ పాదుషా షా ఆలం ఇచ్చిన ఫర్మానాతో, మరుసటి ఏడాది నవంబరులో నిజాం అలీతో కుదిరిన ఒడంబడికతో చికాకోలు (శ్రీకాకుళం) సర్కారు కుంపెనీ పరమైంది. పరమైంది కాగితం మీదే. ఈ నేల పంట మీద శిస్తు ఎవరికి ముట్టాలన్నది ఢిల్లీ, హైదరాబాదు, మద్రాసు దర్బారుల్లో తేల్చేశారు. ఇక్కడివాళ్ల ఊసే లేదు. 1751లో గద్దెనెక్కిన నారాయణదేవుడు తూర్పు గాంగుల సంతతినని చెప్పుకున్న రాజు. ఎవరో రాసిచ్చిన కాగితాన్ని చూసి కుంపెనీకి కప్పం కట్టే జమీందారుగా తలవంచడానికి ఆయన సిద్ధపడలేదు. కుంపెనీ తరఫున కర్నల్ పీచ్ సేనతో వచ్చాడు. జలుమూరు దగ్గర కిమిడి బలగం చెదిరిపోయింది. గాంగుల కళింగనగరంగా చరిత్రకారులు గుర్తించిన శ్రీముఖలింగం నేడు అదే మండలంలో ఉంది. పూర్వీకుల రాజధాని చెంతనే ఆయన రాజ్యాధికారానికి దెబ్బ తగిలింది. 1771లో ఆయన కన్నుమూశాడు.

ఇంతవరకే చూస్తే ఇది ఒక చిన్న రాజు ఓటమి కథ. అయితే కిమిడి బలం మైదానంలోని సేనతో తీరిపోయేది కాదు. కొండ కనుమలకు కాపలాగా బిసోయీలు ఉండేవారు. ఒక్కొక్కరికి ఒక చిన్న కోట, కాపాడవలసిన కొండదారి, వెంట కొంతమంది పైకులు (కాలిబంట్లు). రాజుకు వాళ్లు చెల్లించేది కొద్దిపాటి కట్టుబడి; పిలుపు వస్తే మాత్రం మనుషులతో దిగాలి. వాళ్ల వెనుక సవర గ్రామాలు. కత్తికీ నమ్మకానికీ మధ్య నడిచే ఈ లావాదేవీని ఎకరాల లెక్కలోకి, కిస్తుల లెక్కలోకి దించడం కుంపెనీ గుమాస్తాల తరం కాలేదు. జలుమూరు గడిచి అరవై ఏళ్లు దాటాక కూడా, 1830ల్లో, మద్రాసు ప్రభుత్వం జార్జి రస్సెల్‌ను ప్రత్యేక కమిషనర్‌గా నియమించి కిమిడి కొండల మీదికి సైన్యాన్ని నడపవలసి వచ్చింది. 1856-57లో సవరలు మళ్లీ లేచారు. వాళ్ల నాయకుడు రాధాకృష్ణ దండసేనను ఉరి తీశారు. కోట ఒక్క యుద్ధంతో లొంగింది. కొండ సుమారు తొంభై ఏళ్లు సతాయించింది.

పద్మనాభం కథ కూడా ఇదే చెబుతుంది. ఎనిమిదిన్నర లక్షల పేష్కష్ (కప్పం) బకాయి ఉందని కుంపెనీ లెక్క తేల్చింది. నెలకు పన్నెండు వందల రూపాయల భత్యం తీసుకుని మచిలీపట్నం వెళ్లిపొమ్మని విజయరామరాజును ఆదేశించింది. ఆయన వెళ్లలేదు. 1794 జూలై 10న ప్రెండర్‌గాస్ట్ సేనతో జరిగిన పోరు గంటలోపే ముగిసింది. నేలకూలిన రాజు చుట్టూ ఆయన రాచబంధువులు, సర్దారులు శవాలై పడి ఉన్నారు. ఆ వీరత్వాన్ని మనం వందసార్లు చెప్పుకున్నాం; తరువాతి ఘట్టాన్ని మాత్రం సరిగా పట్టించుకోలేదు. రాజు కొడుకు, బాలుడైన నారాయణబాబును కడుపులో పెట్టుకుని కాపాడింది కొండ జమీందారులు. రాజీ కుదిరి సంస్థానాన్ని తిరిగి ఇచ్చేటప్పుడు కుంపెనీ ఆరు లక్షల పేష్కష్ విధించింది. దాంతోపాటు కొండ జమీందారీలను విజయనగరం చేతి కింది నుంచి తప్పించింది. కోటను కొండ నుంచి విడదీస్తేగాని తనకు నిద్రపట్టదని కుంపెనీ గ్రహించింది. మన ప్రభువుల బలం ఎక్కడుందో శత్రువే సాక్ష్యం చెప్పినట్టయింది.

దీనికి గట్టి ఆక్షేపణ ఒకటి ఉంది. ఈ రాజులు దేశం కోసం పోరాడలేదు, తమ గద్దె కోసం పోరాడారు అని. నిజమే, దాచవలసిన పని లేదు. 1760 ప్రాంతంలో నారాయణదేవుడు గజపతి పీఠం తనదంటూ ఖుర్దా మీదికి దండెత్తాడు. ఖుర్దా రాజు వీరకిశోరదేవుడు మరాఠాలను పిలిచి, ఆ సాయానికి పూరీ క్షేత్రంతో సహా నాలుగు మహళ్లను వాళ్లకు వదులుకోవలసి వచ్చింది. 1757లో బొబ్బిలి మీది కక్షతో విజయనగరం ఫ్రెంచి సేనాని బుస్సీని వెంటబెట్టుకొచ్చింది. మరుసటి ఏడాది ఫ్రెంచివాళ్లను వెళ్లగొట్టడానికి విజయనగరం రాజు ఆనందగజపతి ఇంగ్లీషువాళ్లను రమ్మన్నాడు. 1761లో అదే విజయనగరానికి చెందిన సీతారామరాజు పర్లాకిమిడి మీదికి వచ్చి చికాకోలు దగ్గర గెలిచాడు. పొరుగువాడి మీద పంతం తీర్చుకోవడానికి పరాయివాడికి తలుపు తీయడం ఆనాటి రాచరికపు అలవాటు. ఆ తలుపులోంచి వచ్చినవాడే జలుమూరులో ఒకరిని, పద్మనాభంలో మరొకరిని కూల్చాడు. కనుక నారాయణదేవుణ్ణి జాతీయోద్యమ వీరుడిగా అలంకరించడం చరిత్రకు ద్రోహం. అయితే, ఉద్దేశం సొంతమైనంత మాత్రాన ఆయన లేవనెత్తిన ప్రశ్న చెల్లకుండా పోదు. ఇక్కడి నేలను ఇంకెవరికో రాసిచ్చే హక్కు దూరాన ఉన్న దర్బారుకు ఎక్కడిది? 1768లో ఈ ప్రాంతం తరఫున ఆ ప్రశ్నను ఆయుధంతో అడిగినవాడు ఆయన.

రెండో ఆక్షేపణ ఇంకొంచెం తెలివైనది. కుంపెనీ రాకతో ఈ కొట్లాటలు ఆగాయి, చట్టం వచ్చింది, శాశ్వత పరిష్కారంతో శిస్తు స్థిరపడింది కదా అంటారు. కొట్లాటలు ఆగిన మాట వాస్తవం. కానీ స్థిరపడింది జమీందారు సర్కారుకు కట్టవలసిన మొత్తం. రైతు జమీందారుకు కట్టవలసింది అలా స్థిరపడలేదు. 1802 రెగ్యులేషన్ల తరువాత కిస్తు తప్పితే జమీను వేలానికి వెళ్లాలి. ఆ భయంతో కుంపెనీకి ఎదురు నిలిచిన వంశాలవాళ్లే కుంపెనీ తరఫున వసూళ్లు చేసే స్థితికి వచ్చారు. విద్యకు, ఆసుపత్రులకు, రైలుదారికి పర్లాకిమిడి సంస్థానం చేసిన మేలును నేను తక్కువ చేయడం లేదు. గిడుగు రామమూర్తి పంతులు సవర భాషకు చేసిన సేవకు ఆ పట్టణమే నెలవు. కానీ ఎదిరించే పని మాత్రం ఆ గద్దెల చేతుల్లోంచి జారిపోయింది.

జారి ఎవరి చేతుల్లోకి వెళ్లిందో ఉద్దానానికి ఎవరూ చెప్పనక్కరలేదు. మందస వేరే జమీ, వేరే వంశం. వ్యవస్థ మాత్రం అదే. 1940 మార్చిలో పలాసలో అఖిల భారత కిసాన్ సభ జరిగింది. కొద్ది రోజులకే, ఏప్రిల్ 1న, మందస జమీలోని గుడారి రాజమణిపురంలో జమీందారు అడవి కట్టెల వివాదం మీద రైతులను పట్టుకుపోవడానికి పోలీసులు వచ్చారు. అడ్డుపడిన సాసుమాన గున్నమ్మ తూటాకు బలైంది; ఆమెతోపాటు మరికొందరు రైతులు ప్రాణాలు వదిలారు. 1768కీ 1940కీ ముడిపెట్టడం అతి కాదా అని ఎవరైనా అడగవచ్చు. రక్తసంబంధం లేదు, నినాదం ఒకటి కాదు. జలుమూరులో రాజు కుంపెనీ సిపాయిని ఎదుర్కొంటే, రాజమణిపురంలో రైతు స్త్రీ జమీందారు వెనుక నిలిచిన సర్కారు పోలీసును ఎదుర్కొంది. ఈ కొండమీది కట్టె, ఈ మడిలోని గింజ ఎవరి ఆజ్ఞతో కదలాలన్న తగాదా రెండు చోట్లా ఒకటే. ఆ తగాదాను మోసినవాళ్లే వారసులని నేనంటాను.

ఈ వాదం నిలబడాలంటే ఇంకా ఆధారాలు కావాలి. మనకున్నవి ఎక్కువగా కలెక్టర్ల నివేదికలు, మాల్ట్‌బీ గంజాం మాన్యువల్ వంటివి. అంటే ఓడించినవారు రాసినవి. 1936 ఏప్రిల్ 1న కొత్త రాష్ట్రంగా ఏర్పడిన ఒరిస్సాకు పర్లాకిమిడి వెళ్లింది. జలుమూరు ఇటు మిగిలింది. యుద్ధభూమి ఒక రాష్ట్రంలో, రాజకోట మరో రాష్ట్రంలో, జ్ఞాపకం మూడు భాషల్లో ఉన్న చరిత్ర ఇది. అందువల్ల ఈ సదస్సు ముందు మూడు పనులు పెడుతున్నాను. ఎచ్చెర్ల, బరంపురం విశ్వవిద్యాలయాలు కలిసి కిమిడి, మందస, తర్లా, టెక్కలి జమీల పత్రాలను ఒకచోట జాబితా చేయాలి. తెలుగు, ఒడియా, సవర తెలిసిన పరిశోధకులు జట్టుగా కొండ గ్రామాలకు వెళ్లి, పెద్దలు ఉండగానే వాళ్ల నోటి కథలను రికార్డు చేయాలి. జలుమూరులో 1768 యుద్ధాన్ని తెలిపే ఒక శిలాఫలకం మూడు భాషల్లో నిలవాలి. దాని మీద నారాయణదేవుని పేరుతోపాటు బిసోయీలనూ సవరలనూ పేర్కొనాలి. ఈ పనులకు తీర్మానం చేసి, బాధ్యులను ఎన్నుకున్నాకే సదస్సును ముగించాలని సభ్యులందరినీ కోరుతున్నాను.