ఓడ పట్టికలలో గంజాం ఊళ్లు

(పాఠశాల ప్లాటినం జూబ్లీ సభలో పూర్వ విద్యార్థులను, తల్లిదండ్రులను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)



డెబ్బదియైదేండ్ల పాఠశాలలో అన్నింటికన్న విలువైన పుస్తకమేదని అడిగితే చాలామంది గ్రంథాలయపు బీరువావైపు చూస్తారు. కార్యాలయంలోని ప్రవేశ రిజిస్టరువైపు చూసేవారు అరుదు. వరుస సంఖ్య, పేరు, తండ్రి పేరు, వయస్సు, ఊరు, దేహంపై పుట్టుమచ్చలు. ఈ గడులను నింపిన గుమాస్తాలెవరూ తాము చరిత్ర వ్రాస్తున్నామని అనుకొని ఉండరు. ఈ పాఠశాల పుట్టకముందే, దాదాపు ఇవే గడులతో, ఈ సీమ మనుషులను గురించే సముద్రానికి ఆవలి ఒడ్డున మరొక రిజిస్టరు తయారైంది. దక్షిణాఫ్రికాలోని తెలుగు కుటుంబాలు నేడు తమ మూలపురుషులను వెదకుకొనేది అందులోనే.

బ్రిటిషు వలసలలో బానిసత్వాన్ని రద్దుచేస్తూ 1833లో చట్టం వచ్చిన తరువాత చెరకు తోటల యజమానుల దృష్టి భారతదేశపు కూలీలమీద పడింది. 1834లో మారిషస్‌కు, 1860లో నేటాలుకు ఈ ఒప్పందపు కూలీల ప్రయాణాలు ఆరంభమైనాయి. మద్రాసు రేవునుండి బయలుదేరిన ట్రూరో అనే ఓడ 342 మందితో 1860 నవంబరు 16న డర్బన్ చేరింది. అప్పటినుండి 1911 వరకు నేటాలులో దిగినవారు 1,52,184 మంది. వారిలో సుమారు మూడింట రెండువంతులు మద్రాసు రేవుమీదుగా వెళ్లినవారే. అయిదేండ్ల ఒప్పందం, మొదటి ఏడు నెలకు పది షిల్లింగుల జీతం, తరువాత ఏటికొక షిల్లింగు హెచ్చింపు.

ఓడ దిగిన ప్రతి మనిషికి, చంకలోని పసిబిడ్డతో సహా, ఒక సంఖ్య నిచ్చేవారు. ఆ సంఖ్య జీవితాంతం వెన్నంటి వచ్చేది. పెండ్లి పత్రంలో, మరణ పత్రంలో, ఒప్పందం ముగిసినట్లు తెలిపే కాగితంలో అదే సంఖ్య. అందుచేత మూలాలు వెదకేవారు మొదట తాతల పెట్టెలలోని కాగితాలు తిరగవేసి ఆ సంఖ్యను పట్టుకోవాలి. సంఖ్య దొరికితే ఓడ పేరు, వచ్చిన తేదీ, పట్టికలోని వరుస దొరుకుతాయి. ఆ వరుసలో తండ్రి పేరు, కులం, ఎత్తు, జిల్లా, ఠాణా, గ్రామం, ఒంటిమీది మచ్చలు ఉంటాయి. మోకాలి మీది గాయపు మచ్చను అంత శ్రద్ధగా వ్రాసుకొనడం అభిమానంచేత కాదు. మనిషి తప్పిపోయినా, మరొకరి పేరు పెట్టుకొనినా గుర్తుపట్టడానికి. తోటలో మనిషిగా లెక్కకురాని వానిని కాగితంమీద మాత్రం ఇంత నిశితంగా చూశారు. నూరేండ్ల తరువాత మునిమనుమరాలికి ముత్తాత రూపాన్ని గురించి తెలిసేది ఆ మచ్చ ఒక్కటే కావచ్చు.

అయితే పట్టిక చేతికి వచ్చినంతమాత్రాన ఊరు దొరకదు. అసలు కష్టం అక్కడే మొదలవుతుంది. తెలుగు రాని గుమాస్తా చెవికి వినబడినదే కాగితానికి ఎక్కింది. అప్పలస్వామి అప్పల్సామి అయినాడు. నేడది దక్షిణాఫ్రికాలో వంశనామం. శ్రీకాకుళం చికకోల్, కాకినాడ కొకనాడ. పైగా జిల్లాల ఎల్లలు మారినవి. పట్టికలో గంజాం జిల్లా అని ఉంటే అది నేటి గంజామే కానక్కరలేదు. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేవరకు శ్రీకాకుళం, టెక్కలి ప్రాంతాలు మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లాలోనివే. పిదప అవి విశాఖపట్నం జిల్లాలో చేరి, 1950లో శ్రీకాకుళం జిల్లాగా విడివడినవి. దక్షిణాన చిత్తూరు సంగతీ ఇంతే. 1911కు ముందటి పట్టికలో దానిని ఉత్తర ఆర్కాటులో వెదకాలి. నేటి పటాన్ని ముందుంచుకొని వెదకేవారు రాష్ట్రమే పొరబడే అవకాశం ఉన్నది.

గ్రామం పేరుతో మరొక చిక్కు. ఉత్తరాంధ్రలో పేటలెన్నో, వలసలెన్నో! వలసపోయిన వాని ఊరిపేరులోనే వలస అనే మాట ఉండడం విధి విలాసం. ఒకే పేరుగల నాలుగూళ్లలో ఏది అతనిదో తేల్చగలిగినది ఇంటిపేరు. ఓడ పట్టికలో లేనిదే అది. తండ్రి పేరుకు గడి ఉన్నది, కులానికి ఉన్నది, ఇంటిపేరుకు లేదు. డర్బనులో తాత పేరో, నాయుడు, రెడ్డి వంటి బిరుదమో వంశనామంగా స్థిరపడింది. ఏ కుటుంబంలోనైనా ముసలమ్మ నోట ఇంటిపేరు మిగిలి ఉంటే అది ప్రభుత్వ పత్రంకన్న గట్టి ఆధారం.

స్త్రీలను గురించి ఒక మాట. నూరుగురు పురుషులకు నలుబదిమంది స్త్రీలు ఓడ ఎక్కాలన్న నిబంధన ఉండేది. ఒంటరిగా వెళ్లిన స్త్రీలు పట్టికలలో కనబడుతారు. దంపతులుగా నమోదైనవారిలో కొందరు మద్రాసు డిపోలోనే జతకూడినవారు. ఇది తెలిసినప్పుడు కొన్ని కుటుంబాలు తలదించుకొంటాయి; తలదించుకోవలసిన పని లేదు. కరవులోనో, వైధవ్యంలోనో దిక్కులేక, ఎరుగని దేశానికి ఓడ ఎక్కిన ఆ స్త్రీ తెగువవల్లనే ఆ వంశం నిలిచింది.

మారిషస్ వలసపత్రాలు మోకాలోని మహాత్మాగాంధీ సంస్థలో భద్రంగా ఉన్నాయి. వాటిలో కూలీల ఛాయాచిత్రాలు కూడ ఉన్నాయి. 2015లో యునెస్కో వాటిని ప్రపంచ స్మృతి పట్టికలో చేర్చింది. అక్కడ తెలుగువారిని కోరంగి రేవు పేరిట కోరంగీలనడం వాడుక. ఫ్రెంచివారి యానాంనుండి 1828 నాటికే తెలుగు కూలీలు బూర్బన్ ద్వీపానికి, అంటే నేటి రీయూనియనుకు వెళ్లారు. ఆ మూలాలకు ఫ్రెంచి పత్రాలు చూడవలసి ఉంటుంది. పూర్వీకుని పత్రం కేవలం కుతూహలపు వస్తువు కూడ కాదు. 2024లో మారిషస్‌లోని ఏడవ తరం భారత సంతతివారికి సైతం విదేశీ భారత పౌరుల కార్డు ఇవ్వడానికి భారత ప్రభుత్వం ప్రత్యేకంగా వీలు కల్పించింది.

ఇక ఇంటి దగ్గరి సంగతి. గోపాలపురం, కళింగపట్నం, భీమునిపట్నం రేవులనుండి రంగూనుకు వెళ్లినవారు నేటాలు వెళ్లినవారికన్న ఎంతో ఎక్కువ. కాని బర్మా 1937 వరకు బ్రిటిషు ఇండియాలోని భాగమే గనుక అది పరదేశ ప్రయాణం క్రిందికి రాలేదు. డెక్కు టిక్కెట్టు కొన్నవానికి సంఖ్య లేదు, తండ్రి పేరు లేదు, పుట్టుమచ్చ లేదు. 1942లో జపాను దండయాత్రకు బెదిరి అడవులు, కొండలు దాటి నడిచివచ్చినవారి ఊరూ పేరూ అంతకన్న గల్లంతు. దూరదేశానికి అమ్ముడుపోయిన వానికి ఆనవాలు మిగిలింది. పక్కరేవులో దిగినవానికి మిగలలేదు.

ఈ సభలో కూర్చున్న ఎన్నో ఇండ్లలో రంగూను తాతలున్నారు. వారిని ఎరిగినవారు ఇంకా జీవించి ఉన్నారు. అందుకే ఈ జూబ్లీ సంవత్సరంలో పాఠశాల కార్యాలయంలో ఒక కొత్త పుస్తకం తెరిచారు. బర్మాకుగాని, మరే దేశానికిగాని వెళ్లిన పెద్దల పేర్లు, విడిచిన ఊరు, ఎక్కిన రేవు, తిరిగివచ్చిన సంవత్సరం, తెలిసినంతవరకు, పూర్వ విద్యార్థులు అందులో వ్రాయవచ్చు. కార్యాలయ వేళలలో పుస్తకం బల్లమీదనే ఉంటుంది. అందులో మొదటి గడి ఇంటిపేరుది.