తాళంతో పాటు పానా కూడా

(గ్రామాల్లో తిరిగే మహిళా కార్యకర్తలకు బండి నడపడం, బాగుచేసుకోవడం నేర్పిన శిక్షణ శిబిరం చివరి రోజున చేసిన ప్రసంగ పాఠం)



ఈ శిబిరం పెడుతున్నామని చెప్పినప్పుడు చాలామంది ఒకే ప్రశ్న వేశారు. “ఆడవాళ్లకు బండి నడపడం నేర్పండి, మంచిదే. కానీ పానా పట్టించడం ఎందుకు? వీధికో మెకానిక్ ఉన్నాడు కదా?” అని. ఇవాళ నేను ఆ ప్రశ్నకే జవాబు చెబుతాను.

మన రాజ్యాంగంలోని 19వ అధికరణం దేశమంతటా స్వేచ్ఛగా సంచరించే హక్కును పౌరులందరికీ ఇచ్చింది. అయితే కాగితం మీది హక్కుతో ఊరు దాటలేం. తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాలో 1990ల మొదట్లో అక్షరాస్యతా ఉద్యమం నడిపినవాళ్లు ఈ సంగతి గ్రహించారు. అక్షరాలతో పాటు సైకిలు కూడా నేర్పారు. కూలీ స్త్రీలు, క్వారీల్లో రాళ్లు కొట్టే స్త్రీలు వేల సంఖ్యలో సైకిలెక్కారు. బస్సు కోసం, ఇంట్లో మగవాళ్ల తీరిక కోసం ఎదురుచూడటం తగ్గింది.

ఇవాళ మన దగ్గర ఆశా కార్యకర్తలు, టీచర్లు, పొదుపు సంఘాల నాయకురాళ్లు స్కూటర్ల మీద తిరుగుతున్నారు. ఆర్టీసీ బస్సుల్లో స్త్రీలకు ఉచిత ప్రయాణం తెలంగాణలో 2023 డిసెంబరులో, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టులో మొదలైంది. ఇది మంచి మార్పు. కానీ బస్సు మనల్ని రోడ్డు మీద దింపి వెళ్లిపోతుంది. అక్కడి నుంచి తండాకో, గూడేనికో ఉన్న నాలుగైదు కిలోమీటర్లకు బండి కావాలి.

ఆ బండి ఎవరిది? చాలా ఇళ్లలో వాయిదాలు ఆమె జీతంలోంచి పోతాయి, ఆర్‌సి మాత్రం భర్త పేరున ఉంటుంది. గాలి ఆయన కొట్టిస్తాడు, సర్వీసింగుకు ఆయన తీసుకెళ్తాడు. అందులో ప్రేమ ఉండొచ్చు, కాదనను. కానీ బండి సంగతి ఒక్కరికే తెలిసిన ఇంట్లో, “బ్రేకు బాగాలేదు, ఇవాళ మీటింగుకు వెళ్లకు” అంటే ఆ మాట నిజమో సాకో ఆమెకు ఎలా తెలుస్తుంది? షెడ్డులోనూ ఇదే పరిస్థితి. ఒక కేబులు మారిస్తే సరిపోయేదానికి “మొత్తం మార్చాలమ్మా” అంటే తల ఊపాల్సిందే. పానా పట్టడం నేర్చుకునేది మెకానిక్ పొట్ట కొట్టడానికి కాదు, ఎదుటివారు చెప్పింది నిజమో కాదో మనమే చూసుకోవడానికి.

చట్టం సంగతి కూడా తెలుసుకోవాలి. 1988 నాటి మోటారు వాహనాల చట్టం గేరు లేని బండికీ, గేరు బండికీ లైసెన్సులు వేరు చేసింది. “ఆడవాళ్లకు స్కూటీ చాలు” అని మనకు మొదటిదే రాయిస్తారు. అప్పుడు రాత్రిపూట బిడ్డకు జ్వరం వచ్చినా, ఇంటి ముందున్న గేరు బండి మనం తీయకూడనిదవుతుంది. అందుకే గేరు బండికే పరీక్ష ఇవ్వండి. ఎల్ఎల్ఆర్ ఆరు నెలలు చెల్లుతుంది, నెల దాటాక పరీక్షకు వెళ్లొచ్చు.

“బరువు బండి, మీవల్ల కాదు” అనే మాట మీరంతా విన్నదే. బండి పనుల్లో చాలావాటికి కండబలం కన్నా ఒడుపు ముఖ్యమని ఈ మూడు రోజుల్లో చూశారు. మెయిన్ స్టాండు వేసేటప్పుడు బండిని చేతులతో లాగం. స్టాండు రెండు కొనలూ నేలకు ఆనాయో లేదో చూసుకుని, కాలితో మన బరువంతా దాని మీద వేస్తాం. బండి పడిపోతే ముందు ఇంజను ఆపి, గేరులో వేయాలి. కుడివైపు పడితే లేపకముందే సైడ్ స్టాండు తీసిపెట్టాలి. తర్వాత సీటుకు వీపు ఆనించి, ఒక చేత్తో హ్యాండిలు, ఇంకో చేత్తో వెనక పిడి పట్టుకుని, నడుము వంచకుండా కాళ్లతో నెడుతూ చిన్న చిన్న అడుగులు వెనక్కి వేయాలి.

వారానికి అరగంట బండికి ఇవ్వండి. టైర్లలో గాలి బండి చల్లగా ఉన్నప్పుడే చూడాలి. నడిపాక టైరు వేడెక్కి లెక్క ఎక్కువ చూపిస్తుంది. ఎంత గాలి ఉండాలో బండితో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. ఇంజను ఆయిలు చూడాలంటే బండి మెయిన్ స్టాండు మీద నిటారుగా ఉండాలి. ఇంజను ఆపి కాసేపు ఆగి, పుల్ల తీసి తుడిచి, మళ్లీ ముంచి చూస్తే ఆయిలు రెండు గీతల మధ్య కనపడాలి. గేరు బండి చైను కింది వైపు మధ్యలో వేలితో కదిపితే రెండు మూడు సెంటీమీటర్లు ఆడాలి. మరీ బిగిస్తే బేరింగులు పోతాయి, మరీ వదిలేస్తే చైను ఊడుతుంది. ఇంజను నడుస్తుండగా మాత్రం చైను ముట్టుకోకండి, వేళ్లు పోతాయి.

2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బిఎస్-6 బండ్లలో చాలావాటికి కార్బురేటరు లేదు. ఎంత పెట్రోలు వెళ్లాలో ఎలక్ట్రానిక్ పరికరం నిర్ణయిస్తుంది. దాన్ని మనం విప్పం, షెడ్డుకే ఇస్తాం. ఏది మన పనో, ఏది మెకానిక్ పనో తెలియడం కూడా ఈ విద్యలో భాగమే.

నడపడంలో అన్నిటికన్నా ముఖ్యమైంది ఆపడం. “ముందు బ్రేకు పట్టకు, పడతావు” అని మనల్ని భయపెట్టారు. బ్రేకు పట్టగానే బరువు ముందు చక్రం మీదికి వస్తుంది కాబట్టి బండిని ఎక్కువగా ఆపేది ముందు బ్రేకే. హ్యాండిలు తిరిగి ఉన్నప్పుడో, ఇసుకలోనో గట్టిగా పడితే జారుతుంది. హ్యాండిలు సూటిగా ఉంచి రెండు బ్రేకులూ కలిపి క్రమంగా బిగించండి. ఖాళీ మైదానంలో రోజూ పదిసార్లు చేస్తే చేతికి అలవాటవుతుంది. కొంగు నడుముకు దోపుకోండి, చున్నీ వెనక్కి వేలాడనివ్వకండి.

ఇప్పుడొక కష్టమైన మాట. 2019 నవంబరులో శంషాబాద్ దగ్గర ఒక యువ పశువైద్యురాలి స్కూటరు టైరులో గాలి తీసేసి, సాయం చేస్తామని నమ్మించి చేసిన ఘోరాన్ని మనం మరచిపోలేదు. పంచరు వేసుకోవడం వచ్చి ఉంటే అది జరిగేది కాదని నేను అనను. నేరం చేసినవాళ్లది. రోడ్లను క్షేమంగా ఉంచాల్సిన బాధ్యత ప్రభుత్వానిది. ఆ బరువు తెచ్చి ఆడవాళ్ల నెత్తిన పెట్టడం అన్యాయం. అలాగని ఆడపిల్లల చేతుల్లోంచి తాళాలు లాక్కోవడం పరిష్కారం కాదు. తెలిసినంత తెలుసుకుందాం. ట్యూబ్‌లెస్ టైరులో మేకు దిగితే సాధారణంగా గాలి ఒక్కసారిగా పోదు. మేకు పీకకుండా, నెమ్మదిగా, వెలుతురూ జనమూ ఉన్న చోటికి వెళ్లండి. అక్కడ మేకు తీసి, రంధ్రాన్ని ఆకురాయి పుల్లతో సాపు చేసి, జిగురు పట్టీ దూర్చి, మిగిలిన కొన కోసి, గాలి కొట్టండి. నిన్న మీలో ప్రతి ఒక్కరూ ఈ పని చేశారు.

ఇదేమీ కొత్త సాహసం కాదు. థెరిసా వాలక్, ఫ్లారెన్స్ బ్లెంకిరన్ అనే ఇద్దరు స్త్రీలు 1934 డిసెంబరులో లండన్‌లో సైడ్‌కారు కట్టిన మోటారు సైకిలు మీద బయల్దేరి, సహారా ఎడారి దాటి, 1935లో కేప్‌టౌన్ చేరారు. దారిలో బండి మొరాయిస్తే బాగుచేసుకున్నదీ వాళ్లే. వాలక్ తర్వాతి కాలంలో అమెరికాలో బండి నడపడం నేర్పే బడి పెట్టారు.

మనం రెండు పనులు పెట్టుకుందాం. మొదటిది, సొంత డబ్బుతో కొన్న బండి ఆర్‌సి మన పేరున ఉండేలా చూసుకోవడం. రెండోది, ఇక్కడ నేర్చుకున్నది ఊళ్లో కనీసం ఇద్దరికి నేర్పడం. వాళ్లలో ఒకరు ఇంకా హైస్కూలు దాటని పిల్ల అయితే మరీ మంచిది. బండి నడపడానికి వయసు చాలకపోయినా, టైరులో గాలి చూడటానికి, చైను తుడవడానికి చాలుతుంది. వచ్చే సమావేశంలో ఎవరెవరు ఎవరికి నేర్పారో చెప్పుకుందాం.

సెలవు.